పుష్తా దారిలో ఒక ఆదివారం

నోయిడాలో మేముండే సొసైటీ పద్నాలుగో అంతస్తు నుంచి యమున కనిపిస్తుందని ఫ్లాట్ చూపించినవాడు చెప్పాడు. కనిపించేది పుష్తా మాత్రమే. వరద ఊళ్లమీద పడకుండా ఏటి వెంబడి పొడుగునా వేసిన మట్టికట్టను ఇక్కడ పుష్తా అంటారు. దాని మీద సన్నటి తారురోడ్డు ఉంటుంది. ట్రాక్టర్లు, పాలక్యాన్ల మోటార్‌సైకిళ్లు దాని మీద పోతూ ఉంటాయి. పదకొండేళ్లు ఆ కట్టను కిటికీలోంచి చూశానే కానీ ఎక్కలేదు. నన్ను ఎక్కించింది అతను.

అతనిది మా టవర్‌లోనే తొమ్మిదో అంతస్తు. ఊరు కరీంనగర్ దగ్గర. మాది తెనాలి వైపు. ఇద్దరిదీ ఒకటే కంపెనీ, అప్పట్లో వేరువేరు విభాగాలు. ఒకరోజు లిఫ్టులో మా అమ్మాయిని తెలుగులో కోప్పడుతున్నాను. అది హిందీలో సమాధానం చెబుతోంది. మూల నిలబడ్డ మనిషి నవ్వి, "అన్నా, మా ఇంట్ల గూడ ఇదే లొల్లి" అన్నాడు. నాకంటే రెండేళ్లు చిన్న. ఆ రోజు నుంచి నన్ను అన్నా అనే పిలిచాడు.

నాకు షుగర్ బయటపడి, డాక్టరు రోజూ నడవమన్నప్పుడు అతనే అడ్డం పడ్డాడు.

"ఈ సొసైటీల పార్కు సుట్టు ఎన్నిసార్లు తిరుగుతవన్నా? సైకిల్ కొనుక్కో. ఊర్లు చూద్దం."

ఆ దారి అతను కనిపెట్టిందే. నాలుగైదు ఆదివారాలు ఒక్కడే పోయి, ఏ బాట ఎక్కడ తేలుతుందో, ఎక్కడ గేదెల బురద, ఎక్కడ కుక్కల గుంపు, అన్నీ చూసి వచ్చాడు. ఎక్స్‌ప్రెస్‌వే కింద సొరంగం లాంటి దారి దాటి పుష్తా ఎక్కాలి. యమున పక్కన దక్షిణానికి ఊరు తరవాత ఊరు. హిండన్ నది యమునలో కలిసే చోటుకు కొంచెం ముందు ఎడమకు తిరగాలి. అక్కడి నుంచి హిండన్ గట్టు పట్టుకుని ఇంకో వైపు నుంచి ఇంటికి. నింపాదిగా తొక్కితే, మధ్యలో టీతో కలిపి, మూడు గంటలు.

వచ్చిన దారినే వెనక్కి రావచ్చు కదా, దగ్గర కదా అని మొదట్లో అడిగాను.

"పోయిన తొవ్వలనే మర్లొస్తే పని మీద పోయొచ్చినట్టు ఉంటది. ఇట్ల సుట్టు తిరిగొస్తే, తిరిగినట్టు ఉంటది" అన్నాడు.

నాలుగేళ్లు ఆ దారిలో తిరిగాం. బిగుతు బట్టలు, హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా వచ్చే సైకిలిస్టులు మమ్మల్ని దాటుకుని రివ్వున పోయేవాళ్లు. మేము ఆవు అడ్డం వస్తే ఆగేవాళ్లం, అది వెళ్లాక కాసేపు అక్కడే ఉండేవాళ్లం. గోడల నిండా పిడకలు, పిడకలను గుడిసె ఆకారంలో పేర్చి పైన గడ్డి కప్పి, ఆ గడ్డి మీద సొరతీగ పాకించిన గుట్టలు, ఊరి మొదట్లో నులకమంచాల మీద హుక్కా చుట్టూ కూర్చున్న తలపాగాల పెద్దమనుషులు. వాళ్లు ప్రతివారం "మద్రాస్ వాలే ఆ గయే" అని పలకరించేవాళ్లు. అతను ప్రతివారం సైకిల్ దిగి, మాది మద్రాసు కాదని చెప్పేవాడు. నవంబరులో కాలీఫ్లవర్ మడులు, ముల్లంగి, బంతితోటలు. దూరంగా నీల్‌గాయిలు, మన మనుబోతులు, నిలబడి చూసేవి. వాటి వెనక మేముండే ఎత్తు భవనాలు. ఊరి పొలాల్లో నిలబడి మన ఇంటిని అంత దూరం నుంచి చూస్తే, అందులో మనుషులుంటారని నమ్మబుద్ధి కాదు.

ఎడమకు తిరిగే మలుపులో ఒక రేకుల షెడ్డు ఉండేది. పక్కనే చేతిపంపు. ఒక ముసలమ్మ అక్కడ పిడకల పొయ్యి మీద టీ కాచేది. దాదీ అని పిలిచేవాళ్లం. వెనక ఆమె గేదె కట్టేసి ఉండేది. పాలు దానివే. ఆమె టీలో నీళ్లు దాదాపు ఉండవు. నా షుగర్ సంగతి విని నా గ్లాసు విడిగా కాచేది. కాచి, అందులో చిటికెడు చక్కెర వేసి, "ఇత్నే సే కుఛ్ నహీ హోతా" అని, ఇంతకే ఏమీ కాదని తానే తీర్పు చెప్పేది.

రెండో ఏడాది చివర్లో కంపెనీ విభాగాలను కలిపేశారు. అతను నా టీమ్‌లోకి వచ్చాడు. నేను మేనేజరు. మొదటి వారం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. పుష్తా ఎక్కుతున్నప్పుడు అతనే అన్నాడు: "ఒక రూల్ పెట్టుకుందమన్నా. సైకిల్ మీద ఆఫీసు మాట బంద్." ఆ నియమం ఇద్దరం బాగానే పాటించాం. ఆఫీసులో అతను నాకు చాలా సాయంగా ఉండేవాడు. పని ఆగిపోయిన చోటికి అడగకుండా వచ్చేవాడు. కొత్తగా చేరిన పిల్లలకు ఓపికగా నేర్పేవాడు.

ఇప్పుడు జరిగింది చెప్పాలి. చెప్పడం మొదలుపెట్టాలని చాలాసార్లు కూర్చుని, దారి గురించి, దాదీ గురించి రాసి ఆపేశాను.

రెండేళ్ల కిందటి నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం నా పైఅధికారి వీడియో కాల్‌లో అందరు మేనేజర్లనూ కూర్చోబెట్టాడు. ఉద్యోగం తీసేయడానికి ప్రతి టీమ్ నుంచీ ఒక పేరు కావాలన్నాడు. సాయంత్రంలోగా ఇవ్వాలి. వాళ్లకు మంగళవారం పొద్దున చెబుతారు. అప్పటిదాకా ఎవరి నోటి నుంచి ఈ మాట బయటికి వచ్చినా వాళ్ల ఉద్యోగం కూడా ఉండదు.

నా కింద తొమ్మిది మంది. పనిలో అందరికంటే వెనకబడినవాడు ఎవరో నాకు తెలుసు. ఆ మనిషి భార్యకు కాన్సర్ వైద్యం జరుగుతోంది. ఆసుపత్రి అంతా కంపెనీ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది. ఆ పేరు రాయలేకపోయాను. మిగిలిన ఎనిమిది మందిలో తీసేయదగ్గ మనిషి లేడు. చాలాసేపు ఆ పేర్లు చూస్తూ కూర్చుని, చివరికి నన్ను అన్నా అని పిలిచేవాడి పేరు రాశాను.

అనుభవం ఉన్నవాడు, ఎక్కడైనా దొరుకుతుంది, భార్య కూడా స్కూల్లో పాఠాలు చెబుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అవి అబద్ధాలు కావు. కానీ కారణం అవి కాదు. మేమిద్దరం ఆదివారం కలిసి తిరుగుతామని ఆఫీసంతా తెలుసు. ఇంకెవరి పేరు ఇచ్చినా, తన మనిషిని కాపాడుకున్నాడు అంటారు. ఆ మాట పడకూడదనుకున్నాను. నేను న్యాయంగా ఉంటానని పదిమందికీ చూపించుకోవడానికి అతని ఉద్యోగం తీసేశాను. ఇది ఆ రోజు నాకు ఇంత స్పష్టంగా తెలియదు. తెలియదని అనుకోవడం నాకు సులువుగా ఉంది.

శుక్రవారం ఆఫీసులో అతని వైపు చూడకుండా గడిపాను. శనివారం మా ఆవిడతో ఒళ్లు బాగాలేదన్నాను. ఆదివారం తెల్లవారి ఫోన్ మోగితే ఎత్తలేదు. ఐదు నిమిషాలకు తలుపు గంట మోగింది. మంకీ క్యాప్‌తో, మెళ్లో మఫ్లర్‌తో గుమ్మంలో నిలబడ్డాడు.

"లే అన్నా. మంచు మస్తుగుంది. ఊర్లన్ని కొత్తగ కనపడ్తయ్."

"ఈయనకు ఒంట్లో బాగాలేదంటున్నారు" అంది మా ఆవిడ.

"రాత్రి ఏమన్న తిన్నడా వదినా? సైకిల్ తొక్కితె అదే దిగుతది."

మా ఆవిడ నవ్వి నా మాస్కు తెచ్చి ఇచ్చింది. వెళ్లాను.

అది మంచు ఒక్కటే కాదు, పొగ కూడా. ఆ నెలలో ఇక్కడ గాలికి కాలిన వాసన ఉంటుంది, కళ్లు మండుతాయి. పుష్తా మీద పది గజాల అవతల ఏమీ లేదు. అతని సైకిల్ వెనక ఎర్ర దీపం ఒక్కటే ముందు మిణుకుమంటోంది. నేను దాని వెంట పోతున్నాను. మొదటి ఊరు దాటేలోపు చెబుదాం అనుకున్నాను. ఊరు దాటింది. బంతితోట దగ్గర చెబుదాం అనుకున్నాను. అక్కడ అతను ఆగి, పూలు కోస్తున్న ఆడవాళ్ల దగ్గర మూర పొడుగు దండకు సరిపడా పూలు అడిగి తీసుకుని జేబు రుమాలులో మూట కట్టుకున్నాడు. "కార్తీకం గద, పొద్దున దీపం కాడ పూలు లేవని గులిగింది" అన్నాడు భార్యను తలుచుకుని. నేను సరే అన్నాను.

దాదీ షెడ్డు చేరేసరికి మంచు ఇంకా ముదిరింది. ట్రాక్టర్లు కూడా ఆగిపోయాయి. "బైఠ్ జావో, అభీ మత్ జానా" అని, ఇప్పుడే పోవద్దని దాదీ మంచం చూపించింది. ఇద్దరం మంచం మీద కూర్చున్నాం. గంటసేపు అక్కడే ఉండిపోవలసి వచ్చింది.

రెండో టీ చేతికి వచ్చాక అతను గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఇయ్యాల రూల్ తప్పుతున్న. ఆఫీసు మాట ఒకటి."

తెలిసిపోయిందనుకున్నాను. గ్లాసు పట్టుకున్న వేళ్లు కాలుతున్నా తీయలేదు.

"గుర్గావ్‌ల ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. మూడు వారాలాయె. నీకు చెప్పాల్నా వద్దా అని ఆగిన. నువ్వు మేనేజర్వి గద."

"మరి?"

"రేపు సాయంత్రం దాంక చెప్పమన్నరు. నాకైతే వద్దనిపిస్తుంది. గుర్గావ్ అంటె రోజుకు నాలుగు గంటలు తొవ్వల్నే పోతది. బిడ్డకు ఇప్పుడిప్పుడే బడిల దోస్తులైండ్రు. మన టీమ్ మంచిగుంది. ఇంక ఆదివారం ఇది గూడ ఉండదు." చేత్తో ఆ మంచు, షెడ్డు, గేదె అన్నిటినీ కలిపి చూపించాడు. "ఏమంటవ్?"

దాదీ పొయ్యి ఊదుతోంది. పొగ మా వైపు వచ్చింది. నేను దగ్గాను. కావలసిన దానికంటే ఎక్కువసేపు దగ్గాను.

"ఇంకో రెండు రోజులు టైమ్ అడిగి చూడకపోయావా?"

"అడిగిన. ఇయ్యరంట. ఇంకొకాయన లైన్‌ల ఉన్నడట."

"తొందరపడకు. బాగా ఆలోచించుకో."

"ఆలోచించుడు అయిపోయింది. నువ్వు పొమ్మంటె పోత. ఉండుమంటె ఉంట. చెప్పు."

అతను నా మొహంలోకి చూస్తున్నాడు. వేళాకోళం లేదు. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. మంచి జీతం, పెద్ద పని, వెళ్లిపో అని చెప్పడానికి వంద కారణాలున్నాయి. అందులో ఒక్కటి కూడా రహస్యం బయటపెట్టేది కాదు. కానీ నేను పొమ్మంటే, ఎందుకు పొమ్మన్నానో మంగళవారం అతనికి అర్థమవుతుంది. అతను నలుగురికీ చెబితే? నేను ముందే చెప్పానని పైకి తెలిస్తే? నా బుర్రలో తిరిగింది అంతే, నా ఉద్యోగం.

"నేనెట్లా చెబుతానయ్యా? నీ ఉద్యోగం, నీ సంసారం" అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. "అంటె ఉండుమనే. నన్ను నువ్వెట్ల పొమ్మంటవ్ లే."

జేబులోంచి ఫోన్ తీశాడు. చలికి బొటనవేలు తెరమీద సరిగ్గా పనిచేయడం లేదు. వేలును నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుని, ఒక్కో అక్షరం కొడుతున్నాడు. నాలుగు వాక్యాల మెయిల్. నాకు వినిపించేలా చదివాడు కూడా, ఇంగ్లీషు సరిగ్గా ఉందా అని. సరిగ్గా ఉందన్నాను. పంపించేశాడు.

"పని అయిపోయింది. మూడు వారాల సంది నిద్ర లేదన్నా" అని మంచం మీద వెనక్కి వాలాడు.

మంచు కొంచెం పలచబడ్డాక లేచాం. హిండన్ గట్టు మీద అతను హుషారుగా తొక్కాడు. ఆ నది నల్లగా, మురుగు వాసన కొడుతూ ఉంటుంది. ఆ వాసన దగ్గర ఎప్పుడూ ముక్కు మూసుకుని వేగం పెంచేవాళ్లం. ఆ రోజు నేను మూసుకోలేదు. సొసైటీ గేటు దగ్గర, "మంగళారం నీకు సర్వపిండి తెస్త, అన్నం తెచ్చుకోకు" అని చెప్పి వెళ్లాడు.

మంగళవారం పొద్దున నా బల్ల మీద స్టీలు డబ్బా పెట్టి తన కుర్చీకి వెళ్లాడు. పది గంటలకు చిన్న గదిలోకి పిలిచారు. మేనేజరు కూడా ఉండాలన్నారు కాబట్టి నేనూ వెళ్లాను. మానవ వనరుల విభాగం అమ్మాయి కాగితం చూసి చదివింది. అతను మధ్యలో ఒక్కసారి నా వైపు చూశాడు. ఇది నాకూ ఇప్పుడే తెలిసిందని అనుకున్నాడేమో, నన్ను ఓదార్చడానికన్నట్టు తల ఊపాడు. పావుగంటలో అయిపోయింది. లాప్‌టాప్ అక్కడే ఇచ్చి సంతకం పెట్టాడు. గార్డు అతని వెంట గేటుదాకా నడిచాడు.

డబ్బా తెరవలేదు. ఇంటికి తెచ్చి వంటింట్లో పెట్టాను. ఏం జరిగిందో మా ఆవిడకు రెండు ముక్కల్లో చెప్పాను. పేరు ఎవరిచ్చారో చెప్పలేదు. ఆమె మర్నాడు ఆ డబ్బా కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని చక్రపొంగలి చేసి నింపి, తొమ్మిదో అంతస్తుకు దిగింది. పావుగంటకే తిరిగొచ్చింది. డబ్బా చేతిలోనే ఉంది.

"తీసుకోలేదా?"

"తీసుకోమని నేను అనలేకపోయాను" అంది. సోఫాలో కూర్చుంది. "పేరు మీరిచ్చారట కదా. టీమ్‌లో ఎవరో చెప్పారట వాళ్లకి. నిజమేనా?"

నిజమేనన్నాను. తరవాత అంతా చెప్పాను, మంచం మీద కూర్చుని ఆ మెయిల్ విన్నది కూడా. ఆమె నన్ను తిట్టలేదు. "శనివారం ఒంట్లో బాగాలేదన్నారే, అప్పుడు నాకైనా చెప్పాల్సింది. నేను వెళ్లి వాళ్లావిడ చెవిలో వేసేదాన్ని" అంది. అది నాకు తట్టనే లేదు.

ఆ సాయంత్రమే అతను నన్ను కింద పార్కింగ్‌లో పట్టుకున్నాడు. కారు దిగుతుంటే స్తంభం పక్క నుంచి వచ్చాడు. గొంతు ఎత్తలేదు.

"ఎప్పటి సంది తెలుసు నీకు?"

"గురువారం."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నట్టు ఆగాడు. "అంటె ఆదివారం నాటికే తెలుసు."

"తెలుసు."

"నేను మెయిల్ కొడ్తుంటె సూస్కుంట కూసున్నవ్."

"బయటికి చెబితే నా ఉద్యోగం పోతుందన్నారు. నేనేం..."

"నా పేరిచ్చినందుకు నేనేమంటలేను అన్నా. ఎవరిదో ఒకరిది ఇయ్యాలె, ఇచ్చినవ్. ఎందుకో గూడ చెప్పకపోదువు. ఉత్త పో అంటె పోయెటోన్ని. ఒక్క అక్షరం. అడిగిన గద నిన్ను."

గుర్గావ్ కంపెనీకి ఫోన్ చేశానని, ఆ ఇంకొకాయనకు ఇచ్చేశారని చెప్పాడు. అది కోపంగా చెప్పలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి మెట్లెక్కి వెళ్లిపోయాడు. లిఫ్టు అక్కడే తెరిచి ఉంది.

అన్నా అని అతను నన్ను పిలవడం అదే చివరిసారి. ఆ తరవాత లిఫ్టులో ఎదురైతే "గుడ్ మార్నింగ్ సర్" అనేవాడు. మా ఆవిడతో మాత్రం ఎప్పటిలాగే "బాగున్నవా వదినా" అనేవాడు. తొమ్మిది అంతస్తుల లిఫ్టు ప్రయాణం అంత పొడుగుంటుందని నాకు అంతకుముందు తెలియదు. అతను ఎక్కే వేళలు కనిపెట్టి నేను ముందో వెనకో వెళ్లడం మొదలుపెట్టాను. అతనూ అదే చేస్తున్నాడేమో, కొన్ని వారాలు అసలు కనిపించలేదు.

మూడు ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాను. నాలుగో ఆదివారం సైకిల్ తీశాను. ఎందుకు వెళ్లానో చెప్పలేను. ఇంట్లో ఉండలేక వెళ్లాను. హుక్కా పెద్దలు, రెండోవాడు ఏడీ అని అడిగారు. దాదీ కూడా అడిగింది. జ్వరం అన్నాను. తరవాతి వారం ఊరెళ్లాడన్నాను.

జనవరిలో ఒక ఆదివారం టీ గ్లాసు నా చేతికిస్తూ ఆమె పక్కనే గొంతుక్కూర్చుంది. ఆమె మాట సగం బ్రజ్ యాస, సగం హిందీ. అర్థమైంది ఇది: అతను వస్తూనే ఉన్నాడు. ఆదివారం కాదు, వారం మధ్యలో, ఎండ వచ్చాక. ఒక్కడే వచ్చి చాలాసేపు మంచం మీద పడుకుంటాడు. ఉద్యోగం పోయిందని మొదటిరోజే చెప్పాడు.

"తూనే తో బుఖార్ బోలా థా" అంది. నువ్వేమో జ్వరమన్నావే అని.

టీ మీది మీగడ ఊదుతూ కూర్చున్నాను.

"వో తేరీ బాత్ కర్తా హై. అన్నా, అన్నా బోల్తా హై. యే అన్నా క్యా హోతా హై?"

నీ మాటే చెబుతుంటాడు, ఈ అన్నా అంటే ఏమిటి అని అడిగింది. పెద్దన్న అని చెప్పాను. బడా భాయీ.

ఆమె నా మొహం చూసింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, గేదెకు తవుడు కలపడానికి వెళ్లింది. ఆ టీ సగంలో వదిలేసి వచ్చేశాను. మళ్లీ ఆ షెడ్డు దగ్గర ఆగలేదు. అటు వెళ్తే తల తిప్పుకుని మలుపు తిరిగేవాణ్ని. ఆమె పొయ్యి దగ్గర నుంచి చూస్తుండేదని తెలుసు.

అతనికి ఐదు నెలలు ఏదీ దొరకలేదు. అనుభవం ఉన్నవాడికి ఎక్కడైనా దొరుకుతుందని నేను చెప్పుకున్న కారణం ఎంత తేలికదో అప్పుడు చూశాను. వాళ్లావిడ సాయంత్రాలు ట్యూషన్లు మొదలుపెట్టిందని మా ఆవిడ చెప్పింది. వాళ్లింటికి వెళ్లడం ఆమె మానలేదు. వెళ్లి వచ్చి నాకేమీ చెప్పేది కాదు, అడిగితే తప్ప.

ఏప్రిల్‌లో నాకు ఒక మెయిల్ వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ అతన్ని తీసుకుంటోంది. పాత మేనేజరుగా నన్ను వివరాలు అడిగారు. మనిషి ఎలాంటివాడు, పనిలో నమ్మకస్తుడేనా, నడవడిక ఎట్లా ఉంటుంది. చివరి ప్రశ్న: అవకాశం వస్తే ఇతన్ని మళ్లీ మీ దగ్గర పనికి తీసుకుంటారా? కింద ఖాళీ వదిలారు, రాయదలుచుకుంటే రాయమని. సగం పూట ఆ ఖాళీలో రాస్తూ చెరిపేస్తూ గడిపాను. నేను రాయాలనుకున్నది వాళ్లకు చెప్పాల్సిన సంగతి కాదు. తీసుకుంటాను అని మాత్రం పెట్టి పంపాను.

మే నెలలో వాళ్ల సామాను ఎత్తారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ఆవిడ పొద్దున్నే కిందికి వెళ్లి వాళ్లకు టిఫిను, మజ్జిగ ఇచ్చింది. నేను బాల్కనీలోంచి లారీని చూస్తూ నిలబడ్డాను. చివరికి దిగాను. వాళ్ల పాప "బై అంకుల్" అంది. వాళ్లావిడ కారు ఎక్కి అద్దం ఎత్తేసింది. అతను సైకిల్‌ను లారీ వెనక అట్టపెట్టెల మధ్య తాడుతో కట్టిస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని వచ్చాడు.

"నాది తప్పు" అన్నాను. ఆరు నెలలుగా అనాలనుకున్నది అంత చిన్నగా వచ్చింది.

"అవును" అన్నాడు. కాదనలేదు, పర్వాలేదు అనలేదు. "మీ సైకిల్ వెనక టైరు అరిగిపోయింది. పార్కింగ్‌ల చూసిన. మార్పించండి, గట్టు మీద జారుతది" అన్నాడు.

అండీ అన్నాడు. కరచాలనం చేసి వెళ్లిపోయాడు.

హైదరాబాద్‌లో వాళ్లు బాగానే ఉన్నారట. పండగలకు ఆడవాళ్లిద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఫోన్ నా చేతికి ఎప్పుడూ రాదు. ఈలోపు ఆ మలుపు దగ్గర రోడ్డు వెడల్పు చేసి షెడ్డు తీసేశారు. దాదీ ఎక్కడికి పోయిందో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

పోయిన నెల కంపెనీ మళ్లీ ఒక పేరు అడిగింది. ఇచ్చాను. ఆ సాయంత్రమే ఆ మనిషిని కిందికి, గేటు బయట టీ బండి దగ్గరికి తీసుకెళ్లి చెప్పేశాను. నాలుగు రోజులుంది, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చెయ్యి, ఈ మాట నేను చెప్పినట్టు ఎక్కడా అనకు అన్నాను. ముప్పై ఏళ్లుంటాయి. పోయిన ఏడాదే పెళ్లయింది. నన్నే ఎందుకు సర్ అని అడిగాడు. నాకు తోచిన కారణాలు చెప్పాను. అవేవీ అతనికి చాలలేదు. రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. ఈ సంగతి పైవాళ్లకు ఇంకా తెలియలేదు.

ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఈసారి ముందుగానే.

"ఏమన్నాడు?" అంది.

"ఏడ్చాడు."

ఆమె చేతిలో పని ఆపింది. తరవాత కాళ్లు కడుక్కుని రమ్మని, నాకు కంచం పెట్టింది.